చదివింది ఎక్కడికి పోతుంది? ఒత్తిడి వేళ మెదడు లెక్కలు

1,022లోంచి 13 తీసేయాలి. 1,009. అందులోంచి మళ్లీ 13. 996. ఆ తర్వాత 983, 970, 957... కాగితం ఉండదు, పెన్ను ఉండదు. గట్టిగా, గబగబా చెబుతూ పోవాలి. ఎదురుగా బల్ల వెనక ముగ్గురు కూర్చుని ఉంటారు. వాళ్లు నవ్వరు, తల ఊపరు, 'పర్లేదు' అనరు. ఒక్క అంకె తప్పితే చాలు, 'తప్పు, మళ్లీ 1,022 నుంచి' అంటారు. పక్కన కెమెరా రికార్డు చేస్తూ ఉంటుంది. ఈ లెక్కకు ముందు అదే ముగ్గురి ఎదుట, ఓ ఉద్యోగానికి తానే ఎందుకు తగినవాడో 5 నిమిషాలు మాట్లాడి ఒప్పించాలి.

జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయానికి చెందిన కిర్ష్‌బామ్, పిర్కె, హెల్‌హామర్ 1993లో ఈ పరీక్షను ప్రకటించారు. ఊరి పేరు మీదే దానికి 'ట్రియర్ సోషల్ స్ట్రెస్ టెస్ట్' అని పేరు. ఎవరికి లెక్కలు బాగా వచ్చో తేల్చడం దీని ఉద్దేశం కాదు. మనిషిలో తక్షణ ఒత్తిడిని పుట్టించి కొలవడానికే దీన్ని తయారుచేశారు. ఇందులో దెబ్బ లేదు, తిట్టు లేదు, ప్రాణభయం అసలే లేదు. అయినా పాల్గొన్నవాళ్ల లాలాజలంలో కార్టిసాల్ అనే హార్మోను మామూలు కంటే 2 నుంచి 4 రెట్లు పెరిగింది.

ఇలాంటి గదుల్లోకి మన పిల్లలు ఏటా లక్షల్లో వెళ్తున్నారు. ఇంటర్ పరీక్ష, ఎప్‌సెట్, నీట్, గ్రూప్స్ ఇంటర్వ్యూ, వీసా ఇంటర్వ్యూ... పేర్లే వేరు. 'రాత్రిదాకా నోటికొచ్చింది, హాల్లో కూర్చోగానే బ్లాంక్ అయిపోయింది' అని ఏడ్చిన పిల్లలున్న ఇళ్లు ఎన్నో. 'సరిగ్గా చదివి ఉండవు' అన్నదే చాలాచోట్ల వాళ్లకు దొరికే జవాబు. మెదడు మీద జరిగిన పరిశోధనలు చెప్పే జవాబు వేరు. చదివింది చెరిగిపోలేదు. దాన్ని బయటికి తీసే యంత్రాంగంలో, నాడీకణాల మీద ఉండే గ్రాహకాల స్థాయిలో, కాసేపు మార్పు వచ్చింది. అది ఎప్పుడు మొదలవుతుంది, ఎంతసేపు ఉంటుంది, ఎప్పుడు మేలు చేస్తుంది, ఎప్పుడు కీడు చేస్తుంది అన్న లెక్కలు చాలావరకు తెలిసినవే. అవి తెలిస్తే పిల్లల్ని చూసే చూపు మారుతుంది.

20 నానోమీటర్ల సందు

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయని బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్క్యులానో-హౌజెల్ బృందం 2009లో లెక్కగట్టింది. సాధారణంగా ఒక కణానికీ దాని పక్క కణానికీ మధ్య సుమారు 20 నానోమీటర్ల సందు ఉంటుంది. అంటే వెంట్రుక మందంలో దాదాపు 4,000వ వంతు. ఒక కణం నుంచి రసాయనం విడుదలై, ఈ సందు దాటి, అవతలి కణం మీదున్న గ్రాహకానికి తగులుకుంటుంది. ఈ రసాయనాలే న్యూరోట్రాన్స్‌మిటర్లు, అంటే నాడీ ప్రసారకాలు. గ్రాహకాలనే డాక్టర్లు రిసెప్టర్లు అంటారు.

డోపమైన్ ఆనందాన్నిస్తుందనీ, అడ్రినలిన్ భయపెడుతుందనీ తరచూ వింటుంటాం. ఒక రసాయనానికి ఒకటే గుణం అంటగట్టడం సరికాదు. దాన్ని అందుకునే గ్రాహకాన్ని బట్టి ఫలితం ఉంటుంది. ఒకే నోర్‌అడ్రినలిన్ ఒక గ్రాహకం ద్వారా కణాన్ని నిలకడగా పనిచేయిస్తుంది, మరో గ్రాహకం ద్వారా అదే కణం పనిని చెడగొడుతుంది. అందుకే ఒత్తిడి సంగతి మాట్లాడేటప్పుడు మూడు విషయాలు చూడాలి: గ్రాహకం ఏ రకానిది, రసాయనాన్ని ఎంత తక్కువ మోతాదులో పట్టుకోగలదు, కణం పొర మీద అలాంటివి ఎన్ని ఉన్నాయి.

గ్రాహకాల్లో స్థూలంగా రెండు రకాలు. మొదటి రకం గ్రాహకాలే ద్వారాలు. రసాయనం తగలగానే తెరుచుకుని అయాన్లను లోపలికి వదులుతాయి. ఈ పని సెకనులో వెయ్యోవంతు కాలంలో మొదలవుతుంది. కణాల జోరును పెంచే గ్లూటమేట్‌ను అందుకునే ఆంపా, ఎన్‌ఎండీఏ గ్రాహకాలు, గాబాను అందుకునే గాబా-ఎ గ్రాహకం ఈ కోవలోవి. రెండో రకం కాస్త నిదానం. ఇవి కణం లోపల జి-ప్రొటీన్లను కదిలించి, వాటి ద్వారా సైక్లిక్ ఏఎంపీ లాంటి అణువులను పెంచడమో తగ్గించడమో చేస్తాయి. ఈ సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది ఏటీపీ నుంచి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో 1929లో వెలికితీసిన అణువు ఆ ఏటీపీయే. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నారు. సైక్లిక్ ఏఎంపీ మీద చేసిన పనికి ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లోనూ, ఈ జి-ప్రొటీన్ గ్రాహకాల మీద చేసిన పనికి రాబర్ట్ లెఫ్కోవిట్జ్, బ్రయన్ కోబిల్కాలకు 2012లోనూ నోబెల్ వచ్చింది. ఒత్తిడి కథలో తొలి అంకమంతా ఈ నిదానపు రకం గ్రాహకాలదే.

17 లక్షల కణాలకు ఒకటి

మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అనే చిన్న కేంద్రం ఉంది. రెండు వైపులా కలిపినా అందులో ఉండేవి సుమారు 50 వేల కణాలే. మొత్తం మెదడుతో పోలిస్తే దాదాపు 17 లక్షల కణాలకు ఒకటి. కానీ వాటి శాఖలు మెదడులో దాదాపు అన్ని భాగాలకూ వెళ్తాయి. ప్రమాదం ఎదురైన క్షణంలో ఇవి నోర్‌అడ్రినలిన్‌ను ఒక్కసారిగా ఎక్కువగా వదులుతాయి.

ఆ రసాయనం చేరే చోట్లలో నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ముఖ్యమైనది. 957లోంచి 13 తీసేస్తూ, వచ్చిన 944ను మనసులో నిలుపుకుని, తర్వాతి మెట్టుకు సిద్ధమయ్యేది ఇక్కడే. ప్రశ్న మొత్తం చదివి, అడిగిందేమిటో పట్టుకుని, తొందరపాటు జవాబును ఆపేది కూడా ఇదే.

నోర్‌అడ్రినలిన్, అడ్రినలిన్‌లను అందుకునేవి ఆల్ఫా, బీటా అని రెండు తెగల గ్రాహకాలని 1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ చెప్పారు. ఆ తర్వాత వాటిలో ఉపజాతులు తేలాయి. ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో ఇవి ఎలా పనిచేస్తాయన్నది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఏమీ ఆర్న్‌స్టన్ దశాబ్దాల తరబడి పరిశోధించారు. ఆల్ఫా-2ఎ గ్రాహకం నోర్‌అడ్రినలిన్‌ను కొద్ది మోతాదులోనే పట్టుకుంటుంది. ఆల్ఫా-1, బీటా-1 గ్రాహకాలకు మోతాదు బాగా పెరగాలి. కాలువలో పారకం తక్కువగా ఉన్నప్పుడు పల్లపు చేలకే నీళ్లందుతాయి, మెరక చేలకు ఎక్కాలంటే వరద రావాలి. అలాగే మామూలు మెలకువలో, కొంచెం ఉత్సాహంలో ఆల్ఫా-2ఎ మాత్రమే పనిచేస్తుంది. భయం ముంచుకొచ్చినప్పుడు ఆల్ఫా-1, బీటా-1 కూడా రంగంలోకి దిగుతాయి.

ఈ రెండు వర్గాల పని ఒకదానికొకటి ఎదురు. ఆల్ఫా-2ఎ కణంలో సైక్లిక్ ఏఎంపీని తగ్గిస్తుంది. దాంతో కణం పొరలోని కొన్ని అయాన్ మార్గాలు మూసుకుని, సంకేతం చెదిరిపోకుండా నిలుస్తుంది. యేల్ బృందం 2007లో కోతులు, ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో దీన్ని చూపించింది. మోతాదు పెరిగాక ఆల్ఫా-1 కణంలో కాల్షియంను, బీటా-1 సైక్లిక్ ఏఎంపీని పెంచుతాయి. అప్పుడు ఆ మార్గాలు తెరుచుకుంటాయి, కణాల మధ్య లంకె వదులవుతుంది. మనసులో పట్టుకున్న అంకె జారిపోతుంది.

డోపమైన్ లెక్క కూడా ఇలాగే ఉంటుంది. 1989లో ఎలిజబెత్ అబెర్‌క్రాంబీ బృందం ఎలుకల తోకకు ఉండి ఉండి చిన్న షాక్ ఇస్తూ మెదడులో మూడు చోట్ల డోపమైన్‌ను కొలిచింది. స్ట్రయాటమ్‌లో 25 శాతం, న్యూక్లియస్ అక్యుంబెన్స్‌లో 39 శాతం, మధ్య ఫ్రంటల్ కార్టెక్స్‌లో 95 శాతం పెరిగింది. ఒకే ఒత్తిడి, ఒకే రసాయనం, అయినా ఆలోచించే చోటనే డోపమైన్ దాదాపు రెట్టింపైంది. అక్కడ డోపమైన్‌ను అందుకునే డి1 గ్రాహకానికి ఒక మోస్తరు మోతాదే మేలు చేస్తుంది. మరీ తక్కువైతే మనసు నిలవదు, మరీ ఎక్కువైతే పని చెడుతుంది.

మెదడు ఇలా ఎందుకు ఏర్పడిందంటే, పొలం గట్టు మీద పాము కనిపించినప్పుడు అది ఏ జాతిదో ఆలోచించే వ్యవధి ఉండదు. ముందు పక్కకు దూకాలి. ఆలోచించే భాగం పక్కకు తప్పుకుని, అమిగ్డలా లాంటి వేగంగా స్పందించే భాగాలకు పగ్గాలివ్వడం ప్రాణాలు కాపాడే ఏర్పాటు. పాముకు పనికొచ్చిన ఈ ఏర్పాటు ఫిజిక్స్ ప్రశ్నపత్రానికి పనికిరాదు. అక్కడ కావలసింది ఆలోచించే భాగమే.

5 నిమిషాల్లో 20 రెట్లు

ఒత్తిడి పెంచే వైపునే చూస్తే కథ సగమే తెలుస్తుంది. నాడీకణాల జోరును తగ్గించే ముఖ్య రసాయనం గాబా. దాన్ని అందుకునే గాబా-ఎ గ్రాహకం 5 భాగాలు కలిసి కట్టిన ద్వారం. అది తెరుచుకుంటే క్లోరైడ్ లోపలికి వచ్చి కణం శాంతిస్తుంది. డయాజెపామ్, ఆల్‌ప్రజోలామ్ లాంటి మందులు పనిచేసేది ఈ గ్రాహకం మీదే. ఇటలీలోని కాల్యారిలో జొవాన్ని బిజ్జియో బృందం ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, స్వల్పకాలపు ఒత్తిడి తర్వాత ఈ గ్రాహకం పని తగ్గినట్టు కనిపించింది. అంటే ఒత్తిడి మొదట్లో ఉద్రేకం పెరగడమే కాదు, శాంతపరిచే శక్తి కూడా తగ్గుతుంది.

మెదడు దాన్ని అలా వదిలేయదు. ప్రొజెస్టిరాన్ నుంచి తయారయ్యే అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం గాబా-ఎ గ్రాహకానికి తగులుకుని దాని పనిని బలపరుస్తుంది. ఇలాంటి స్టెరాయిడ్లకు ఆ గుణం ఉందని 1986లో తేలింది. 1991లో రాబర్ట్ పర్డీ, స్టీవెన్ పాల్ తదితరులు ఎలుకలను కాసేపు నీళ్లలో ఈదించి చూశారు. 5 నిమిషాలు కూడా గడవకముందే ఈ కోవకు చెందిన స్టెరాయిడ్లు మెదడులోనూ రక్తంలోనూ 4 నుంచి 20 రెట్లు పెరిగాయి. ఒత్తిడిని పెంచే ఏర్పాటుతో పాటే దాన్ని దించే ఏర్పాటు కూడా దాదాపు అదే వేగంతో మొదలైందన్నమాట.

ఈ పరిశోధన చివరికి మందుగా మారింది. అల్లోప్రెగ్ననలోన్‌నే బ్రెక్సనలోన్ పేరుతో, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2019లో అనుమతించింది. దాన్ని 60 గంటలపాటు సెలైన్‌లా ఎక్కించేవారు. ఎలుకలను వారాల తరబడి ఒంటరిగా ఉంచితే మెదడులో ఇదే పదార్థం తగ్గినట్టు కూడా తేలింది. ఇంటికి దూరంగా, తోడు లేకుండా ఉండే పిల్లల గురించి మాట్లాడేటప్పుడు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోవడం మంచిది. ఎలుకకూ మనిషికీ తేడా ఉన్నా, తోడు అన్నది మెదడు రసాయనాలతో ముడిపడిన అవసరమని అది చెబుతోంది.

30వ నిమిషం

నోర్‌అడ్రినలిన్ సెకన్లలో వస్తుంది. కార్టిసాల్‌కు సమయం పడుతుంది. మెదడులోని హైపోథాలమస్ 41 అమైనో ఆమ్లాల సీఆర్‌హెచ్ అనే హార్మోనును వదలాలి. దీన్ని 1981లో వైలీ వేల్ బృందం గుర్తించింది. దాంతో పిట్యూటరీ గ్రంథి 39 అమైనో ఆమ్లాల ఏసీటీహెచ్‌ను రక్తంలోకి పంపాలి. అది కిడ్నీల మీదున్న అడ్రినల్ గ్రంథులను చేరాలి. అప్పుడు కార్టిసాల్ తయారై మళ్లీ మెదడుకు రావాలి. ఇదంతా జరిగి, ఒత్తిడి మొదలైన 20 నుంచి 30 నిమిషాలకు అది గరిష్ఠానికి చేరుతుంది.

1968లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్‌ఈవెన్ బృందం, ఎలుక మెదడులో ఈ తరహా హార్మోనును బాగా పట్టి ఉంచేది హిప్పోక్యాంపస్ అని చూపింది. జ్ఞాపకాలకు కేంద్రమైన భాగమది. 1985లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు యోహానెస్ రూల్, రాన్ డి క్లూట్ అక్కడ రెండు రకాల గ్రాహకాలున్నాయని వివరించారు. మినరలోకార్టికాయిడ్ గ్రాహకానికి హార్మోనును పట్టుకునే శక్తి గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకం కంటే సుమారు 10 రెట్లు ఎక్కువ. అందుకే విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా మొదటిది చాలావరకు నిండే ఉంటుంది. రెండోది నిండేది ఒత్తిడి వేళల్లో, తెల్లవారుజామున సహజంగా హార్మోను పెరిగినప్పుడు. ఇవి నాడీ ప్రసారకాల గ్రాహకాలు కావు, హార్మోను గ్రాహకాలు. అయితే గ్లూటమేట్ గ్రాహకాలు పొర మీద ఎన్ని ఉండాలో నిర్ణయించడంలో వీటి చేయి పెద్దది.

జ్ఞాపకం మీద దీని ప్రభావాన్ని 1998లో డొమినిక్ డి కెర్వాన్, బెన్నో రూజెండాల్, జేమ్స్ మెక్‌గా చేసిన ప్రయోగం కళ్లకు కట్టింది. నీటి తొట్టిలో మునిగి ఉన్న తిన్నె ఎక్కడుందో ఎలుకలకు ముందురోజు నేర్పారు. మర్నాడు పరీక్షకు ముందు కాళ్లకు చిన్న షాక్ ఇచ్చారు. కొన్నిటికి 2 నిమిషాల ముందు, కొన్నిటికి 30 నిమిషాల ముందు, కొన్నిటికి 4 గంటల ముందు. 2 నిమిషాల ముందు షాక్ తిన్నవి తిన్నెను గుర్తుపట్టాయి. 4 గంటల ముందు తిన్నవీ గుర్తుపట్టాయి. 30 నిమిషాల గుంపు మాత్రం తడబడింది. హార్మోను తయారీని మందుతో ఆపితే ఆ తడబాటు రాలేదు. అంటే జ్ఞాపకం అక్కడే ఉంది, ఆ కాసేపూ అది చేతికి అందలేదు. 2000లో మనుషులకు 25 మిల్లీగ్రాముల కార్టిజోన్ ఇచ్చి, ముందురోజు నేర్చుకున్న మాటలను గంట తర్వాత చెప్పమన్నప్పుడూ గుర్తు తెచ్చుకోవడం తగ్గింది.

ఈ లెక్కను మన పరీక్షల ఉదయానికి అన్వయించి చూడండి. ఇంటర్ పరీక్ష 9 గంటలకు. 8:30కు ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ఆటో, గేటు మూసేస్తారేమోనన్న గుబులు, పరుగు, హాల్‌టికెట్ కోసం వెతుకులాట. ఆ ఒత్తిడి పుట్టించే కార్టిసాల్ శిఖరం ప్రశ్నపత్రం చేతికందే వేళకు వచ్చి కూర్చుంటుంది. తెలంగాణలో ఇంటర్ పరీక్షలకు, నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వని 'నిమిషం నిబంధన' ఏళ్ల తరబడి నడిచింది, తర్వాత 5 నిమిషాల సడలింపు ఇచ్చారు. ఎలుకల 30 నిమిషాలు పిల్లల 30 నిమిషాలతో అచ్చంగా సరిపోతాయని ఎవరూ అనలేరు. అయినా గేటు దగ్గర భయపెట్టే నియమం క్రమశిక్షణతో పాటు ఇంకేం తెస్తుందో ఈ పరిశోధన చెబుతోంది. ఆ సడలింపు సరైన దిశలో వేసిన అడుగు.

ఒక్కసారికి మేలు, 7 రోజులకు కీడు

ఒత్తిడి ఎప్పుడూ చెరుపే చేస్తుందా? లేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో విశ్వవిద్యాలయంలో జెన్ యాన్ బృందం 2009లో చిన్న వయసు ఎలుకలను 20 నిమిషాలు ఈదించి, ఆ తర్వాత వాటి ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ను పరీక్షించింది. కణాల పొర మీద ఎన్‌ఎండీఏ, ఆంపా గ్రాహకాలు పెరిగాయి. గ్లూటమేట్ సంకేతం బలపడింది. తాత్కాలిక జ్ఞాపకశక్తి పరీక్షలో ఆ ఎలుకలు మెరుగ్గా రాణించాయి. ఈ మేలు గంటల తరబడి నిలిచింది. గ్లూకోకార్టికాయిడ్ గ్రాహకాన్ని అడ్డుకుంటే అది కనిపించలేదు.

అటు యేల్ ప్రయోగాలు ఒత్తిడి ఆలోచనను చెడగొడుతుందంటాయి, ఇటు బఫెలో ప్రయోగాలు బాగుచేస్తుందంటాయి. రెండిటి మధ్య తేడా సమయంలో ఉంది. ఒత్తిడి నడుస్తున్న నిమిషాల్లో నోర్‌అడ్రినలిన్, డోపమైన్ గ్రాహకాలది పైచేయి, ఆలోచన తగ్గుతుంది. ఆ అల తగ్గిన గంటల్లో కార్టిసాల్ పనిచేయించిన జన్యువుల ప్రభావం మొదలై గ్లూటమేట్ గ్రాహకాలు పెరుగుతాయి, మెదడు తర్వాతి సవాలుకు పదునెక్కుతుంది.

అదే బృందం 2012లో ఇంకో ఫలితం ప్రకటించింది. ఒత్తిడిని వారం రోజులపాటు రోజూ ఇస్తే లెక్క తలకిందులైంది. కణం లోపలి ప్రొటీన్లను విరిచేసే వ్యవస్థ ఆంపా, ఎన్‌ఎండీఏ గ్రాహకాల భాగాలను నాశనం చేయడం మొదలుపెట్టింది. పొర మీద గ్రాహకాలు తగ్గాయి. ముందు చూసిన వస్తువుకూ ఆ తర్వాత చూసిన వస్తువుకూ తేడా ఆ ఎలుకలు పట్టలేకపోయాయి. ఆ నాశనాన్ని అడ్డుకుంటే జ్ఞాపకం నిలబడింది.

ఒకే హార్మోను, ఒకే గ్రాహకాలు. ఒక్కసారి వచ్చిపోతే పదును, రోజూ వస్తే అరుగుదల. తెల్లవారుజామున లేపి, రాత్రిదాకా కూర్చోబెట్టి, రోజూ టెస్టు పెట్టి, రోజూ ర్యాంకు గోడకు అంటించే చదువులను సమర్థించేవాళ్లు 'ఒత్తిడి ఉంటేనే రాణిస్తారు' అంటారు. ఆ మాటలో సగమే నిజం. ఒత్తిడి మేలు చేయాలంటే దానికి ముగింపు ఉండాలి, మధ్యలో కోలుకునే వ్యవధి ఉండాలి. నిద్రా ఆటా లేని టైమ్‌టేబుల్లో ఆ వ్యవధికి చోటే ఉండదు.

40 మిల్లీగ్రాముల పాఠం

ఒత్తిడి వేళ జరిగిన సంఘటన ఏళ్లు గడిచినా ఎందుకు మరపురాదో కూడా గ్రాహకాలే చెబుతాయి. 1994లో లారీ కాహిల్, జేమ్స్ మెక్‌గా కొందరికి 12 స్లైడ్ల కథ చూపించారు. ఒక గుంపుకు చెప్పింది మామూలు కథ. మరో గుంపుకు అవే బొమ్మలతో, కారు గుద్దుకుని గాయపడిన పిల్లవాడి కథ చెప్పారు. కథకు గంట ముందు కొందరికి 40 మిల్లీగ్రాముల ప్రొప్రనలాల్, మిగతావాళ్లకు ఉత్తి మాత్ర ఇచ్చారు. వారం తర్వాత అడిగితే, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు ప్రమాదపు ఘట్టం స్పష్టంగా గుర్తుంది. ప్రొప్రనలాల్ వేసుకున్నవాళ్లకు ఆ ఘట్టం కూడా మామూలు కథలాగే గుర్తుంది. ప్రొప్రనలాల్ బీటా గ్రాహకాలను అడ్డుకుంటుంది. దాన్ని రూపొందించిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. భయం తాలూకు జ్ఞాపకానికి ముద్ర వేసేది ఈ గ్రాహకాలేనని ఆ ప్రయోగం గట్టిగా సూచించింది.

'అయితే పరీక్ష రోజు ఓ మాత్ర వేస్తే సరి' అనుకుంటే ప్రమాదం. ప్రొప్రనలాల్ ఆస్తమా ఉన్నవాళ్ల శ్వాసనాళాలను బిగించేస్తుంది, గుండె వేగాన్నీ బీపీనీ తగ్గిస్తుంది. ఆల్‌ప్రజోలామ్ లాంటివి మత్తునిస్తాయి, కొత్త జ్ఞాపకాలు ఏర్పడకుండా చేస్తాయి, అలవాటైతే వదలవు. అందుకే మన దేశంలో అది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. పైగా ఒక గ్రాహకాన్ని అడ్డుకున్నంత మాత్రాన బాధ తీరుతుందన్న హామీ లేదు. ఆల్ఫా-1 గ్రాహకాన్ని అడ్డుకునే ప్రజోసిన్ మీద, పీడకలలతో బాధపడే మాజీ సైనికుల విషయంలో ఎంతో ఆశ పెట్టుకున్నారు. 304 మందితో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2018లో వచ్చింది. ఉత్తి మాత్ర కంటే అది మెరుగ్గా పనిచేయలేదు.

11కూ 7కూ మధ్య తేడా

మందు లేకుండా చేయగలిగింది చాలానే ఉంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో 2016లో 120 మందితో ఒక ప్రయోగం చేశారు. 30 మాటలు, 30 బొమ్మలు నేర్చుకోమన్నారు. సగం మంది మళ్లీ మళ్లీ చదివారు. మిగతా సగం చూడకుండా గుర్తు తెచ్చుకుంటూ అభ్యాసం చేశారు. మర్నాడు కొందరిని నలుగురి ముందు మాట్లాడించి, లెక్కలు చేయించి ఒత్తిడికి గురిచేశారు. 25 నిమిషాల తర్వాత, కార్టిసాల్ పెరిగిన వేళ, మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు 30లో సగటున సుమారు 7 గుర్తొచ్చాయి. చూడకుండా అభ్యాసం చేసినవాళ్లకు సుమారు 11 గుర్తొచ్చాయి. ఒత్తిడి లేనివాళ్లతో పోల్చినా వీళ్లు వెనకబడలేదు. మన ఊళ్లలో పాత పంతుళ్లు 'పుస్తకం మూసి రాయి' అనేవారు. అదే పద్ధతి ఇది. పాఠాన్ని అయిదోసారి చదవడం కంటే, పుస్తకం మూసి ఒకసారి రాసి చూసుకోవడం ఒత్తిడి వేళ ఎక్కువ పనికొస్తుంది.

రెండోది ఊపిరి. 2017లో స్టాన్‌ఫర్డ్, లాస్ ఏంజెలిస్ పరిశోధకులు ఎలుకల్లో శ్వాస లయను నడిపే కేంద్రంలో సుమారు 175 కణాలను గుర్తించారు. అవి నేరుగా లోకస్ సెరూలియస్‌కు కబురు పంపుతాయి. ఆ కణాలను తొలగిస్తే ఎలుకలు ఎంతో ప్రశాంతంగా మారాయి. వేగంగా పీలిస్తే మెదడు ఎందుకు ఉలిక్కిపడుతుందో, నిదానంగా వదిలితే ఎందుకు కుదుటపడుతుందో అర్థం చేసుకోవడానికి ఇదొక దారి చూపింది. ప్రశ్నపత్రం చూసి గుండె దడదడలాడితే, రెండు నిమిషాలు కళ్లు మూసుకుని ఊపిరిని మెల్లగా, పొడవుగా వదలమని పిల్లలకు చెప్పండి. ఆ రెండు నిమిషాలు వృథా కావు. తర్వాత తెలిసిన ప్రశ్నతో మొదలుపెడితే, తెలియనట్టు అనిపించినవి కూడా ఒక్కొక్కటిగా అందుతాయి.

మూడోది ఇంట్లోవాళ్ల చేతిలో ఉంది. పరీక్షా కేంద్రానికి గంట ముందే చేర్చడం, గేటు దగ్గర 'అది చదివావా, ఇది చదివావా' అని అడగకపోవడం. ఆ చివరి అరగంటలో కొత్తగా ఎక్కేది తక్కువ, ఒత్తిడి మాత్రం సరిగ్గా ప్రశ్నపత్రం వేళకు పండుతుంది. పరీక్ష అయ్యాక కూడా నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా, దేనిమీదా ఆశ లేనట్టు మాట్లాడినా అది అరగంటలో పోయే ఒత్తిడి కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

నాలుగోది ప్రభుత్వాల చేతిలో ఉంది. జేఈఈ మెయిన్‌ను జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పెట్టి, రెండిట్లో మెరుగైన స్కోరు తీసుకుంటున్నారు. మన రెండు రాష్ట్రాల ఎప్‌సెట్‌లు మాత్రం ఏడాదికి ఒక్కసారే. ఒక ఉదయాన మెదడు ఎంత అందించగలిగిందన్నది, ఆ పిల్లలకు ఎంత వచ్చన్నది రెండూ ఒకటి కాదని ఇన్ని ప్రయోగాలు చెబుతున్నాయి. అలాంటప్పుడు రెండేళ్ల చదువును ఒకే ఒక్క ఉదయపు కార్టిసాల్‌కు అప్పగించడం అన్యాయం. మన పిల్లలకు రెండో అవకాశం ఇవ్వాలి. బ్లాంక్ అయిపోయానని ఏడ్చే బిడ్డకు 'నీకు రాదు' అని కాకుండా 'ఆ కాసేపు అందలేదు, అంతే' అని చెప్పే ఇల్లు కూడా కావాలి.